మదనపల్లె నుంచి కుప్పానికి

మదనపల్లెలో బస్సు దిగిన కొత్తవారెవరైనా మొదట అనే మాట, "ఇదేమిటి, ఇంత చల్లగా వుంది!" అని. రాయలసీమ అంటే నిప్పుల కొలిమి అనుకుని వచ్చినవారికి ఇక్కడి తెల్లవారుజాము పెద్ద మోసంలా తోస్తుంది. సముద్రమట్టానికి రెండు వేల అడుగులు దాటిన ఊరు మరి. గాలి మంచిదనే కదా ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగులకు ఆసుపత్రి కట్టారు. ఎండలు ముదిరితే దొరలు దగ్గరలోని హార్స్‌లీ కొండలెక్కి కూర్చునేవారు. అవన్నీ సరే, ఇప్పుడు ఈ ఊరికి అన్నం పెడుతున్నది మాత్రం టమోటా. చుట్టుపక్కల పల్లెల్లో కోడి కూయకముందే బళ్ళు కదిలి మార్కెట్టు దారి పడతాయి. ఆ బళ్ళ సంగతి మళ్ళీ వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

నేను ఈ ఊళ్ళో తెలుగు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. మొన్నామధ్య కుప్పంలో తెలుగు అధ్యాపకుల సమావేశం వుంటే, ఒక వ్యాసం చదవడానికి ఒప్పుకున్నాను. విషయం వాళ్ళే ఇచ్చారు: ఈ ఫోన్ల కాలంలో గురువుకూ శిష్యుడికీ మధ్య పెరిగిన దూరం. దూరం గురించి చెప్పడానికి దూరం పోతున్నావన్నమాట, అన్నారు మావారు.

బస్టాండులో కాఫీ తాగాను. డబ్బు ఫోన్లో కడదామని గోడమీది చదరపు బొమ్మ ముందు ఫోను పట్టుకుంటే తిరుగుతుంది, తిరుగుతుంది, తిరుగుతూనే వుంటుంది. వెనక ఇద్దరు నిలబడ్డారు. అంతలో, "ఇట్లియ్యండి మేడం," అని ఒక చెయ్యి వచ్చింది. చూస్తే మా ఫస్టియర్ కుర్రాడు! రెండు బొటనవేళ్ళు అటూ ఇటూ ఆడించాడు, పని అయిపోయింది. ఫోను తిరిగి ఇస్తూ చిన్నగా నవ్వాడు. ఎగతాళి కాదు. చంటిపిల్ల చేతికి బొమ్మ అందిస్తూ నవ్వే నవ్వు. మా రోజుల్లో మాస్టారి చేతిలో సంచీ అందుకుంటే గొప్ప. ఇప్పుడు ఫోను అందుకుంటున్నారు. సంచీ అందుకున్నప్పుడు మాస్టారు చిన్నవాడయ్యేవాడు కాదు, అదీ తేడా.

నేరుగా కుప్పం పోయే బస్సు తప్పిపోయింది. పుంగనూరులో దిగి మరో బస్సు పట్టుకోవాలి. బస్సు కదిలాక నా కళ్ళు అలవాటుగా బీసెంటు థియొసాఫికల్ కాలేజీ వైపు పోయాయి. 1915లో అనీబిసెంటు పెట్టిన కాలేజీ అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు వచ్చి కొద్దిరోజులు ఇక్కడ విడిది చేశాడు. అప్పుడు ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి. ఒక సాయంత్రం అందరూ కూర్చుని వుండగా రవీంద్రుడు తన పాట ఒకటి పాడాడు. అదే జనగణమన. పల్లవి దగ్గరకు వచ్చేసరికి విన్నవాళ్ళంతా గొంతు కలిపారట. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరం రాసిపెట్టింది. రవీంద్రుడు ఇక్కడే దాన్ని ఇంగ్లీషు చేసి, కింద ఫిబ్రవరి 28 అని తేదీ వేశాడు.

ఈ కథ ప్రతి ఏడూ పిల్లలకు చెబుతాను. చెప్పి చెప్పి అరిగిపోయింది కూడా. కాని ఆ పూట బస్సు కిటికీలోంచి చూస్తూంటే ఎన్నడూ తోచని సంగతి ఒకటి తోచింది. ఆ సాయంత్రం ఆ పాట ప్రిన్సిపాలుకూ కొత్తే, మొదటి సంవత్సరం కుర్రాడికీ కొత్తే. ఇద్దరూ ఒక చాప మీద కూర్చుని ఒక గొంతులోంచి నేర్చుకున్నారు. మా ఇంట్లో మా పిల్లవాడు కొత్త ఫోను నేర్చుకునేటప్పుడు తలుపు వేసుకుంటాడు. నేను నేర్చుకునేటప్పుడూ తలుపు వేసుకుంటాను, సిగ్గుతో.

నా పక్క సీటులో ఒక పెద్దాయన. ఒళ్ళో గొడుగు, చొక్కా జేబులో రెండు కలాలు. చూడగానే తెలిసిపోయింది, మన కులమేనని. పుంగనూరు దగ్గర సర్కారు హైస్కూల్లో తెలుగు పండితులట, రిటైరు కావడానికి ఏడాదుందట. మావైపు పల్లెల్లో బడిపంతులును 'అయివారు' అంటారు. కండక్టరు కూడా ఆయన్ని, "అయివారూ, జరగండ," అంటూనే వున్నాడు.

ఎక్కడికని అడిగితే వ్యాసం సంగతి చెప్పాను. ఆయన గలగలా నవ్వాడు.

"ఏం రాస్తావమ్మా దూరం గురించి? 2022లో చూడాల్సింది నువ్వు మమ్మల్ని. ఆగస్టులో ముఖం హాజరు వచ్చింది. పొద్దున తొమ్మిదింటికల్లా మన ఫోను మనమే మొహానికి ఎదురుగా పెట్టుకుని ఫొటో ఎక్కించాల. మా బడి గుట్ట కింద. సిగ్నలు గుట్ట మీద. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు చేసినోణ్ణి, గుట్టెక్కి ఆకాశానికి మొహం చూపించి దిగొస్తా వుంటే కింద పిల్లోళ్ళు చప్పట్లు!"

"తర్వాత?"

"తర్వాత డిసెంబరులో ట్యాబులు. ఎనిమిదో తరగతి పిల్లోళ్ళకూ మాకూ ఒకేసారి. రాష్ట్రం మొత్తం మీద ఐదు లక్షల పైమాటే. పాఠాలు తప్ప ఇంకోటి రాకుండా లోపల తాళం వేసి ఇచ్చినారు. నేను మీట ఎక్కడుందో వెతుక్కునేలోగా మావాడొకడు తాళం తీసేసినాడు. కోప్పడదామని పిలిస్తే, 'అయివారూ, మీదీ తీసిపెట్టేదా?' అన్నాడు."

"తీయించుకున్నారా?"

"తీయించుకోకేం! పాత హరికథలు వినేది అందులోనే." కాసేపు ఊరుకుని మళ్ళీ అన్నాడు: "వానికి నేను ఛందస్సు చెప్పినా. వాడు నాకు తాళం తీసేది చెప్పినాడు. లెక్క సరిపాయె."

నాకు ఈ లెక్క అప్పుడు రుచించలేదు. నా వ్యాసంలో లెక్క వేరు. అందులో విద్యార్థుల మీద పెద్ద అభియోగపత్రమే వుంది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చినప్పటినుంచీ మా పిల్లలు ఇంటిదగ్గర రాసుకొచ్చే వ్యాసాల భాష మారిపోయింది. మొన్న ఒక సెక్షనులో పదకొండు మంది ఒకే వ్యాసం పట్టుకొచ్చారు. ఒక్క తప్పు లేదు, ఒక్క ప్రాణం లేదు. మా కాలంలో గైడ్లు లేవా అంటే వున్నాయి. గైడులోంచి ఎత్తిరాయాలన్నా చెయ్యి నొప్పి పెట్టేది. ఆ నొప్పిలో నాలుగు ముక్కలు బుర్రకెక్కేవి.

ఇంకో అభియోగం కూడా వుంది, అది వ్యాసంలో రాయలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదైనా కఠినపదం వస్తే పిల్లలు తలలెత్తి నా మొహం చూసేవారు. నేను ఒక క్షణం ఆగి అర్థం చెప్పేదాన్ని. ఆ ఒక్క క్షణం ఎంత బాగుండేదో! సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు లైబ్రరీలో తాళం వేసిన బీరువాలో వుండేవి, ఆ తాళంచెవి నేనేనన్నమాట. ఇప్పుడా నిఘంటువు ఆంధ్రభారతి వారి చలవవల్ల ప్రతి పిల్లవాడి జేబులోనూ వుంది. నేను అర్థం చెప్పి పూర్తిచేసేలోగా వెనక బెంచీలోంచి, "మేడం, ఇంకో అర్థం కూడా ఇచ్చినాడు," అని వినబడుతుంది. సంతోషించాలి. సంతోషించాననే చెబుతాను అందరితోనూ.

పుంగనూరు వచ్చింది. ఒకప్పుడు జమీందారీ ఊరు. ఇప్పుడు లోకమంతటికీ తెలిసింది మాత్రం ఇక్కడి పొట్టి ఆవులవల్ల. మూడడుగులైనా ఎత్తుండని ఆవు, చిక్కటి పాలు. పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రం వారు ఆ జాతి అంతరించకుండా కాపాడుతున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంటి పెరట్లో వీటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక వీటి పేరు మరీ మోగిపోయింది. బస్టాండు నుంచి బజారు దాకా ఎంత చూసినా నాకు ఒక్కటీ కనిపించలేదు. ఒక పిల్లవాడు మాత్రం ఫోన్లో చూపించాడు.

పలమనేరు బస్సుకు గంట టైముంది. నా వ్యాసం ఫోన్లోనే వుంది, కాగితం మీదికి ఎక్కించాలి. అయివారిని అడిగితే బజారులో ఒక దుకాణం చూపించి, "మంచి పిల్ల, తప్పుల్లేకుండా చేస్తాది," అని గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు.

చిన్న గది. జిరాక్సు, దరఖాస్తులు, ఫీజులు, హాల్‌టిక్కెట్లు, అన్నీ చేయబడును అని బోర్డు. బల్ల వెనక ఇరవై నాలుగైదేళ్ళ అమ్మాయి. తలెత్తకుండానే ఫోను అందుకుంది. వ్యాసం పేరులో ఒక తప్పు వుంది. 'విజ్ఞానం' అనే మాటలో నా ఫోను జకారాన్నీ ఞకారాన్నీ విడగొట్టి పడేసింది. ఆ వొత్తు ఎక్కడుందో వెతకలేక నేనే వదిలేశాను.

"ఇది ఎట్లా కొట్టాలమ్మా?" అని అడిగాను.

"జి, ఎన్, ఎ కొట్టండి. అదే వస్తాది."

"అది 'గ్న' అవుతుంది. ఇది జకారం కింద ఞకారం."

"మనం పలికేది చెబితే చాలు మేడం దానికి. రాసేది అది చూసుకుంటాది."

కొట్టింది. పడింది. ముప్ఫై ఏళ్ళుగా నేను పిల్లల నోట దిద్దుతున్న తప్పే ఆ యంత్రానికి దారి! ఈ అక్షరం సామాన్యమైంది కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఇరుక్కుని, ఐఫోన్లలో పడగానే లోపలి యాప్‌లు టపటపా కూలిపోయాయి. కంపెనీవారు హడావిడిగా మరమ్మతు చేసి పంపితేగాని కుదుటపడలేదు. ఆ కబురు విన్నప్పుడు నేను క్లాసులో ఎంత మురిసిపోయానో! ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పబోయాను.

"తెలుసు మేడం. మీరు క్లాసులో చెప్పినారు."

అప్పుడు తలెత్తింది. "బాగుండారా మేడం? నన్ను గుర్తుపట్టలేదు కదా?"

పేరు చెప్పింది. పేరు వినగానే మొహం రాలేదు, ఒక జాబితా వచ్చింది. 2020లో మార్చిలో కాలేజీలు మూశారు. బడిపిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. మేం ఫోన్లో గ్రూపు పెట్టి పాఠాలు చెప్పాం. నలభై మందిలో పదిహేను మంది వస్తే గొప్ప. ఒకనాడు ఒళ్ళు మండి, రానివారి పేర్లన్నీ వరసగా రాసి గ్రూపులో పెట్టాను. వాళ్ళకు చదువు అక్కర్లేదనుకుంటాను, ఇష్టం లేనివారు వెళ్ళిపోవచ్చు అని కూడా రాశాను. ఆ రాత్రే ఒక అమ్మాయి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళకు బుద్ధి వస్తుందిలే అనుకున్నాను.

"ఇంట్లో ఒకటే ఫోను మేడం," అంటోంది ఆ అమ్మాయి, కాగితాలు మిషన్లో సర్దుతూ. "నాయన టమోటా బండికి డ్రైవరు. తెల్లారి మూడింటికి బండితోపాటు ఫోనూ మదనపల్లెకు పోయేది. లోడు దించి నాయన ఇంటికొచ్చేసరికి పొద్దు గూకేది. అప్పుడు మీ పాఠం చూసుకునేదాన్ని. ఆ పొద్దు నాకంటే ముందు నాయనే చూసినాడు. ఆయనకు చదువు రాదు. ఆ గ్రూపులో నా పేరు వచ్చిందని తెలిసి, ఏమో బహుమానం అనుకుని, మార్కెట్లో కమిషను కొట్టు ఆయన చేత చదివించుకున్నాడంట."

నేనేం మాట్లాడలేదు.

"ఇంటికొచ్చి అరుగు మీద కూచున్నాడు. 'పాపా, నువ్వు చదవనంటివా?' అని అడిగినాడు. అంతే మేడం. తిట్టలేదు."

మిషను ఒక్కొక్క కాగితమే వదులుతోంది. ఎనిమిది పేజీలు. ఆ అమ్మాయి వరస చూసి, అంచులు సరిచేసి, మూలన పిన్ను కొట్టి ఇచ్చింది. ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ కడుతోందట.

"తెలుగేనా?" అన్నాను.

"తీసుకోలేదు మేడం."

డబ్బు తీసుకోనంది. నేను ఒప్పుకోలేదు. ఫోన్లో కట్టబోతే మళ్ళీ తిరుగుడు; చిల్లర వెతికి ఇచ్చాను. తన నంబరు నా ఫోన్లో తనే ఎక్కించింది, పేరు తెలుగులో కొట్టి.

పలమనేరు దాటాక అడవి. ఏనుగులు తిరిగే చోటు జాగ్రత్త అని బోర్డులు. ఇంకోనాడైతే కిటికీకి అతుక్కుపోయేదాన్ని. వ్యాసం తీశాను. రెండో పేజీలో 'శ్రద్ధ లేని విద్యార్థులు' అనే మాట నాలుగుసార్లు వుంది. మూడో పేజీలో రెండు. ఆ ఆరింటినీ అచ్చు వేసింది ఆ అమ్మాయి చెయ్యే. వరస సరిచూసినప్పుడు ఆ కళ్ళ పడకుండా వుండవు. బస్సు కుదుపుల్లో కలం పెట్టి కొట్టేశాను. కాగితం చిరిగింది గాని మాట పూర్తిగా పోలేదు.

కుప్పం వింతైన ఊరు. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. టీ కొట్టువాడు నాతో తెలుగు, నా వెనకాయనతో తమిళం, రైలుకు పోతున్న లోడు కూలీలతో కన్నడం, గ్లాసులు కడిగే కుర్రాడితో మూడూ కలిపి మాట్లాడాడు. ఈ భాషలన్నీ ఒక చెట్టు కొమ్మలని చెప్పడానికే ఇక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు.

సమావేశంలో నా ముందు మాట్లాడినాయన అమెరికా రచయిత మార్క్ ప్రెన్‌స్కీని తీసుకొచ్చాడు. ఆయన 2001లో లోకాన్ని రెండుగా చీల్చాడు: కంప్యూటర్ల మధ్య పుట్టిన పిల్లలు ఆ దేశపు పౌరులట, మనబోటివాళ్ళం అక్కడికి వలసపోయినవాళ్ళమట, ఎంత నేర్చుకున్నా మన యాస పోదట. అందరూ తలలూపారు. నాకు టీ కొట్టువాడు గుర్తొచ్చాడు. కుప్పంలో ఎవరు పౌరుడు, ఎవరు వలసవాడు? వాడి మూడు భాషల్లోనూ యాస వుంది. వ్యాపారానికి ఏ భాషా ఆగలేదు.

ఈ ఊళ్ళో ఇంకో సంగతి జరిగింది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ కుప్పంలో మూడేళ్ళ పథకం ఒకటి మొదలుపెట్టింది. పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు పెట్టారు. అన్నిటికంటె నాకు నచ్చింది, పొదుపు సంఘాల ఆడవాళ్ళ చేతికి డిజిటల్ కెమెరాలు, ఎండతో నడిచే చిన్న అచ్చుమిషన్లు ఇవ్వడం. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోయి అక్కడికక్కడే ఫొటో తీసి, అచ్చువేసి చేతిలో పెట్టి డబ్బు తీసుకునేవారు. ఆ రోజుల్లో మేం పట్నాల్లో చదువుకున్నవాళ్ళం ఇంకా రీలు కడిగించుకుంటున్నాం! వాళ్ళలో ఎవరూ ఆ దేశపు పౌరులు కారు. పక్కన ఒకరు కూర్చుని, పాడుచేస్తారేమో అని భయపడకుండా మిషను వాళ్ళ చేతికిచ్చారు, అంతే.

నా వంతు వచ్చినప్పుడు ఈ ఫొటోల సంగతి చెప్పాను. అయివారి గుట్ట సంగతి చెప్పాను, నవ్వారు. టమోటా బండితో మార్కెట్టుకు పోయిన ఫోను సంగతి చెప్పబోయి, అది ఎవరో ఒక అధ్యాపకురాలి కథగా చెప్పాను. అంత ధైర్యమే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన, "ఆ అధ్యాపకురాలు మరీ తొందరపడిందండీ," అన్నాడు. అవునన్నాను.

రాత్రి గెస్టుహౌసులో పాత గ్రూపు తీశాను. ఆరు సంవత్సరం క్రితపు... కాదు, లెక్క ఎందుకు, ఆ 2020 నాటిదంతా అలాగే వుంది. మా మాస్టర్లు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు; గంట కొట్టేసరికి తిట్టేవారికీ గుర్తుండేది కాదు, పడ్డవారికీ గుర్తుండేది కాదు. మా అమ్మానాన్నలకు తెలిసే దారే లేదు. నేను అన్నది మాత్రం వేళతో సహా నిలబడి వుంది. ఉదయం 10 గంటల 42 నిమిషాలు. కింద ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్ళిపోయిందన్న చిన్న అక్షరాల పంక్తి. దాని కింద నేనే ఎవరికో పెట్టిన పండగ శుభాకాంక్షలు.

ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాను. 'ఆనాటి నా మాట నీకు జ్ఞాపకం వుంది' అని రాయాలి. జి, ఎన్, ఎ కొట్టాను. 'జ్ఞా' పడింది. తప్పు నాది, మీ నాన్నగారితో కూడా చెప్పాలని వుంది అని రాసి పంపేసరికి పావుగంట పట్టింది. ఆ అమ్మాయి జవాబు పది క్షణాల్లో వచ్చింది, తెలుగు అక్షరాల్లోనే: 'రేపు పుంగనూరులో దిగండి మేడం. నాయన సాయంత్రం అంగడి దగ్గరే ఉంటాడు. ఏడు వరకు తీసి ఉంటాం.'

తెల్లారాక గెస్టుహౌసు కుర్రాణ్ణి పిలిచి, సాయంత్రం ఏడులోగా పుంగనూరు చేరాలంటే ఎన్ని గంటల బస్సు ఎక్కాలో అడిగాను.

"ఫోన్లో చూడొచ్చు మేడం," అన్నాడు. నా మొహం చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు.